కాంతిని మలచిన విద్య: ఇబ్న్ సహల్ నుండి అహ్మద్ జువైల్ వరకు

కాంతిని మలచడం రెండు విధాలు. చెదరిపోయే కిరణాలను ఒక బిందువు వద్దకు చేర్చడం స్థలంలో మలచడం. ఆ కాంతి ఎంత సేపు వెలగాలో, ఆ వ్యవధిలో ఎప్పుడు హెచ్చి ఎప్పుడు తగ్గాలో నిర్ణయించడం కాలంలో మలచడం. మొదటి విద్య అతి ప్రాచీనం. రెండవది 1960లో లేజర్ అవతరించిన తర్వాతనే ఇంత సూక్ష్మంగా సాధ్యమైంది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని పరిశీలిస్తే, ముస్లిం శాస్త్రజ్ఞుల కృషికి చరిత్రలో గల న్యాయమైన స్థానమేదో బోధపడుతుంది.

క్రీ.శ. 984 ప్రాంతంలో బాగ్దాదులో ఇబ్న్ సహల్ దహన సాధనాలను గురించి ఒక గ్రంథం రచించాడు. సూర్యకాంతిని దర్పణాలతోను, కటకాలతోను ఒకచోట చేర్చి వస్తువును మండించడమెలా అన్నదే అందలి విషయం. పరావలయ దర్పణం గ్రీకులు ఎరిగినదే. అయితే స్ఫటికంలోకి ప్రవేశించే కిరణం ఎంత వంగుతుందో ఒక స్థిర నిష్పత్తితో నిర్ణయించి, ఆ లెక్కతో అతిపరావలయాకారపు కటకాన్ని రూపొందించడం ఆయన ఘనత. ఐరోపాలో ఈ నియమానికి 1621లో దానిని కనుగొన్న స్నెల్ పేరు స్థిరపడింది. ఇబ్న్ సహల్ గ్రంథపు పుటలు విడిపోయి కొన్ని డమాస్కస్‌లో, కొన్ని టెహరాన్‌లో మరుగునపడి ఉండగా, రుష్దీ రాషిద్ వాటిని జతపరచి 1990లో లోకానికి తెలియజేశాడు.

బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ మరొక అడుగు వేశాడు. కాంతి ప్రయాణానికి కాలం పడుతుందనీ, అది ఇంద్రియాలకు అందనంత స్వల్పమనీ, సాంద్రమైన పదార్థంలో కాంతి మందగిస్తుందనీ తన ఏడు భాగాల కితాబుల్ మనాజిర్‌లో వాదించాడు. కాంతికి కాలం పడుతుందనడానికి ఖగోళ నిదర్శనం 1676లో గాని లభించలేదు. గురుగ్రహపు చంద్రుని గ్రహణాలను గమనించి రోమర్ దానిని చూపాడు.

సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, ఒక ఫెమ్టోసెకండులో 0.3 మైక్రాన్ మాత్రమే కదులుతుంది. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక దానిని మరి పది భాగాలు చేస్తే వచ్చేదే ఫెమ్టోసెకండు. ఇంత స్వల్పమైన పల్సును ఏ కవాటమూ తెరిచి మూయలేదు. కాని ఒక సూత్రం తోడ్పడింది: పల్సు ఎంత పొట్టిదైతే అందులో అన్ని ఎక్కువ రంగులు కలిసి ఉంటాయి. 1969లో ట్రేసీ రెండు గ్రేటింగులతో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దూరం కల్పించి, సాగిన పల్సును కుదించే మార్గం చూపాడు. 1980లలో హెరిటేజ్, వైనర్ ప్రభృతులు రంగులను గ్రేటింగుతో విడదీసి, కటకంతో ఒక వరుసలో పరచి, అక్కడ ముసుగునుంచి కొన్నిటిని తగ్గించి, కొన్నిటి అలల దశను మార్చి, తిరిగి కలిపారు. అనగా కాలంలో రూపం దిద్దడానికి పని స్థలంలోనే జరిగింది!

తీవ్రమైన పల్సు తనను పెంచే పదార్థాన్నే పాడుచేసేది. 1985లో రోచెస్టర్‌లో మూరూ, స్ట్రిక్‌లాండ్ దానిని ముందు సాగదీసి, పెంచి, పిదప కుదించారు. ఇందుకు 2018లో నోబెల్ బహుమతిలో సగం పంచుకున్నారు. ఈజిప్టులోని దమన్హూర్‌లో 1946లో జన్మించిన అహ్మద్ జువైల్, కాలిఫోర్నియాలో ఫెమ్టోసెకండు పల్సులతో అణువులోని బంధం తెగే తీరును 1987లో పరిశీలించగలిగాడు. 1999లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ పాత ప్రశ్న మళ్ళీ ఎదురయింది. కటకం నడుమ మందం, అంచున పలుచన. అతిస్వల్ప పల్సు దాని గుండా పోతే, నడిమి భాగం అంచుల కంటె వెనుకబడి నాభిని చేరుతుంది. కిరణాలు ఒకే బిందువుకు వచ్చినా ఒకే క్షణానికి రావు. అందుచేతనే అనేక ప్రయోగశాలల్లో కటకానికి మారుగా పరావలయ దర్పణాన్ని వాడుతున్నారు.

ఇబ్న్ సహల్ లేజర్‌ను ఊహించాడనడం అతిశయోక్తి. ఆయనకు అటువంటి పొగడ్త అవసరం లేదు. ఆయన లెక్క సరియైనది, అంతే చాలు. అయినా ఆ లెక్క గల పుటలు రెండు నగరాలలో చెరిసగమై పడి ఉన్నంత కాలం ఆ పేరు చరిత్రలో లేదు. గ్రంథాలయాల్లో ఇంకా విప్పని ప్రతులున్నంత వరకు ఈ చరిత్ర అసంపూర్ణమే. దానిని పూర్తి చేయగలిగేది గర్వం కాదు, అధ్యయనం.