చవ్‌దార్ చెరువు ఎవరిది? మహద్‌లో పదేళ్ల నీటి వ్యాజ్యం

మహద్ సత్యాగ్రహం గురించి మన నోట్సులో సాధారణంగా రెండు వాక్యాలుంటాయి. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు చవ్‌దార్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని దహనం చేశారు. ప్రిలిమ్స్‌కు ఇది సరిపోతుంది. కానీ ఆ చెరువు మీద పడిన సివిల్ కేసు 1937 వరకు నడిచింది. అందులో కోర్టు తేల్చిందేమిటి, తేల్చకుండా వదిలేసిందేమిటి అన్నది చూస్తే తప్ప, రాజ్యాంగం 15(2) అధికరణలో బావులు, చెరువులు అనే మాటలు ఎందుకు కనిపిస్తాయో అర్థం కాదు.

మహద్ అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీ కొలాబా జిల్లాలోని చిన్న పట్టణం. ఇప్పుడది రాయగఢ్ జిల్లాలో ఉంది. చవ్‌దార్ అంటే మరాఠీలో రుచిగల అని అర్థం (మన ‘చవి’ గుర్తొస్తుంది). చెరువు విస్తీర్ణం నాలుగైదు ఎకరాలు. వాన నీరు, కొన్ని ఊటలు దానికి ఆధారం. చుట్టూ మున్సిపాలిటీ రోడ్లు, రోడ్ల వెంట సవర్ణ హిందువుల ఇళ్లు, కొద్దిగా ముస్లింల ఇళ్లు. దళితుల ఇల్లు ఒక్కటీ దగ్గరలో లేదు. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి దళితులు మహద్‌కు రాక తప్పేది కాదు. సరుకులు కొనుక్కోవాలి, గ్రామ సేవకులుగా తాలూకా కచేరీకి కాగితాలు, శిస్తు సొమ్ము చేరవేయాలి. బయటి ఊరి మనిషికి దాహం వేస్తే ఊరి మధ్యలో దొరికే నీళ్లు ఈ చెరువువే. దళితవాడలో ఒక బావి ఉండేది కానీ అది దూరం, పైగా మున్సిపాలిటీ పట్టించుకోక పూడిపోయిందని అంబేడ్కర్ రాశారు. అంటే ఇక్కడ సమస్య ఒక్క ఆచారానిదే కాదు. ఒక నీటి వనరు దగ్గరికి రానివ్వకపోవడం, రెండోదాన్ని పాడుబెట్టడం కలిసే జరిగాయి. పాఠ్యపుస్తకాలు మొదటిది చెప్పి రెండోది వదిలేస్తాయి. పట్టణ పాలన కోణంలో నాకు రెండోదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానం ఆమోదం పొందింది. ప్రజాధనంతో కట్టి నిర్వహిస్తున్న నీటి వనరులు, బావులు, ధర్మశాలలు, బడులు, ఆస్పత్రులు, కోర్టులను అస్పృశ్యులు కూడా వాడుకోవచ్చన్నది దాని సారాంశం. దానికి అనుగుణంగా 1924 జనవరిలో మహద్ మున్సిపాలిటీ తన చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. అంత చిన్న పురపాలక సంఘానికి అది మెచ్చుకోదగ్గ పనే. కానీ మూడేళ్లు గడిచినా ఒక్క దళితుడూ ఆ మెట్లు దిగలేకపోయాడు. తీర్మానం మినిట్స్ బుక్కులో ఉంది. చెరువు గట్టున ఉన్నది మాత్రం ఊరి భయం.

1927 మార్చి 19, 20 తేదీల్లో కొలాబా జిల్లా బహిష్కృతుల సదస్సు మహద్‌లో జరిగింది. వచ్చిన వాళ్లు వేలల్లో ఉన్నారు. సదస్సుకు కావలసిన నీళ్లు సవర్ణుల దగ్గర 40 రూపాయలకు కొనుక్కోవలసి వచ్చింది. కాగితం మీద తమకూ హక్కున్న చెరువు ఉన్న ఊళ్లోనే ఇది జరిగింది. రెండో రోజు అంతా వరుసగా నడిచి వెళ్లి నీళ్లు తాగారు. ఆ తర్వాత వీరేశ్వర ఆలయంలోకి కూడా వస్తారన్న పుకారు లేచి, తిరిగి వెళ్తున్నవారిపై, భోజనాలు చేస్తున్నవారిపై దాడి జరిగింది. చెరువును 108 కుండల పాలు, పెరుగు, ఆవు పేడ, గోమూత్రంతో ‘శుద్ధి’ చేశారు. తాగే నీళ్లలో ఇవన్నీ కలిపితే శుద్ధి, మనిషి దోసిలి ముంచితే మైల!

1927 ఆగస్టు 4న మున్సిపాలిటీ తన 1924 తీర్మానాన్ని రద్దు చేసుకుంది. బోలే తీర్మానానికి సరిగ్గా నాలుగేళ్లు నిండిన రోజది. స్థానిక సంస్థ ఇచ్చిన అనుమతిని స్థానిక సంస్థే వెనక్కి తీసుకోగలదు. అనుమతికీ హక్కుకూ తేడా ఇక్కడే ఉంది.

డిసెంబర్‌లో మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లాలని దళితులు నిర్ణయించగానే సవర్ణులు కోర్టుకెక్కారు. చెరువు తమదని, అందులో నీళ్లు వాడుకునే హక్కు తమకే ఉందని ప్రకటించాలని అంబేడ్కర్, మరి కొందరి మీద దావా వేశారు. డిసెంబర్ 14న తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. ఛాందసులతో పాటు కోర్టును, ప్రభుత్వాన్ని కూడా ఎదిరించడం తగదని అంబేడ్కర్ సత్యాగ్రహం వాయిదా వేయించారు. ఊరేగింపు మాత్రం జరిగింది, నీళ్లు ముట్టలేదు. ఇది వెనకడుగని విమర్శించేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో మాత్రం, చెరువు మీద హక్కు ఎవరిదో తేలాలంటే ఆ కేసు నడవాల్సిందే.

మహద్ సబ్ జడ్జి 1931లో దావా కొట్టేశారు. 1933లో అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది. చివరగా 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్, జస్టిస్ ఎన్.జె. వాడియాల ధర్మాసనం వాదుల అప్పీలును తోసిపుచ్చింది.

విచారణలో ప్రశ్నలు రెండు. మొదటిది, చెరువు ఎవరిది? చెరువు కనీసం 250 ఏళ్ల నాటిదని ఒప్పుకున్నారు కానీ తవ్వించిందెవరో ఎవరికీ తెలియదు. గట్లు, మెట్లు కొన్నిచోట్ల ఇళ్లవాళ్ల సొంతం. అయినా చెరువు మున్సిపాలిటీకి చెందుతుందని తేలింది. సొంత ఆస్తి వాదన పోయాక వాదులకు మిగిలింది ఆచారమే. అస్పృశ్యులను అనాదిగా దూరంగా ఉంచుతున్నాం కాబట్టి అదే మా హక్కు అన్నారు. దళితులు ఆ నీళ్లు చాలాకాలంగా వాడటం లేదన్నది నిజమే. కానీ ఒకరు వాడటం, మరొకరు వాడకపోవడం అన్నంత మాత్రాన మొదటివారికి రెండోవారిని తరిమే చట్టబద్ధ హక్కు పుట్టదు. అనాది ఆచారమని వాదులు రుజువు చేయలేకపోయారని హైకోర్టు తేల్చింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. ఆచారం రుజువై ఉంటే అప్పుడది అసమంజసమా, ప్రజా విధానానికి విరుద్ధమా అని పరిశీలించవలసి వచ్చేదేమో అన్నారు న్యాయమూర్తులు. అంటే అంటరానితనం తప్పని ఆ తీర్పు చెప్పలేదు. సాక్ష్యం చాలలేదని మాత్రమే చెప్పింది. ఇంకో ఊళ్లో, ఇంకో చెరువు మీద, ఇంకాస్త బలమైన సాక్ష్యంతో ఎవరైనా గెలిచే వీలు అలాగే మిగిలిపోయింది. మెయిన్స్ జవాబుల్లో ‘హైకోర్టు దళితుల నీటి హక్కును గుర్తించింది’ అని ఒక్క ముక్కలో రాస్తే సగం నిజమే రాసినట్టు.

ఆ ఖాళీని పూడ్చింది రాజ్యాంగం. ముసాయిదా కమిటీ అధ్యక్షుడు ఆ కేసులో ప్రతివాదే. 15(2) అధికరణ చూడండి: పూర్తిగా గానీ పాక్షికంగా గానీ రాజ్య నిధులతో నిర్వహించే, లేదా ప్రజల వాడకానికి అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో ఏ పౌరుడికీ మతం, కులం వంటి కారణాలతో అడ్డు ఉండకూడదు. బోలే తీర్మానం ప్రజాధనంతో కట్టినవాటి గురించి మాట్లాడింది. చవ్‌దార్‌ను మున్సిపాలిటీ తవ్వించలేదు, మరమ్మతులు, శుభ్రం చేయించడం వరకే ఖర్చుపెట్టింది. ‘పాక్షికంగా’, ‘అంకితం చేసిన’ అన్న మాటలు చదివినప్పుడు ఆ చెరువే కళ్లముందు నిలుస్తుంది. ఈ అధికరణ తోటి పౌరుడు పెట్టే అడ్డుకూ వర్తిస్తుందన్నది మరో ముఖ్యాంశం. 17వ అధికరణ కింద 1955లో వచ్చిన చట్టం నదులు, బావులతో పాటు నీటి కుళాయిని కూడా పేరుపెట్టి చెప్పింది. పట్టణాలకు పైపులు వస్తే గొడవ కూడా పైపు దగ్గరికే వస్తుందని ఊహించినట్టుంది.

అయినా నీటి గొడవ కోర్టు గదిలో ముగియలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో మొదలైనదీ చెరువు దగ్గరే. ఈసారి దళితులు ఎవరి చెరువులోకీ వెళ్లలేదు. తాము తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని అన్నారు, అంతే. జులై 17న దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్‌లో, ఆ వర్గాలు మామూలుగా వాడుకునే ఊట, జలాశయం, ఇతర నీటి వనరును వాళ్ల వాడకానికి పనికిరాకుండా కలుషితం చేయడం నేరంగా చేరింది.