ఎర్రజెండా నుండి నలుపు తెలుపు చారల వరకు

కాలిబాటయే రోడ్డునకు పూర్వరూపము. మనుష్యులు, పశువులు, బండ్లు నడచిన దారులే క్రమముగా రహదారులైనవి. ఎద్దుబండి ఇంచుమించు మనిషి నడకతోనే సాగును. గుఱ్ఱపుబండి అంతకంటె వేగముగా పోయినను, బండివానికి తోడు గుఱ్ఱమునకు కూడ కన్నులు కలవు. అడ్డము వచ్చినదానిని చూచి అది బెదరి ఆగును, లేదా ప్రక్కకు తొలగును. యంత్రమునకు కన్నులు లేవు. దాని చూపును, వివేకమును నడపువాడే సమకూర్చవలెను. అట్టి యంత్రము నడచువారితో ఒకే దారిని పంచుకొనవలసి వచ్చినపుడు ఎవరు ఎవరికి తొలగవలెను? ఈ ప్రశ్నకు బ్రిటన్ దేశము నూట యేబది సంవత్సరములకు పైగా సమాధానము వెదకినది.

19వ శతాబ్దమున అచ్చట ఆవిరి బండ్లు రోడ్లపై తిరుగసాగెను. 1865లో పార్లమెంటు వీనికై కఠినమైన చట్టమొకటి చేసెను. ఊరి వెలుపల గంటకు 4 మైళ్ళు, ఊరిలో 2 మైళ్ళు మించిన వేగము పనికిరాదు. బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవవలెను. ఎదురు వచ్చు గుఱ్ఱపు బండ్లవారిని హెచ్చరించుట అతని పని. ఈ చట్టమును తరువాతి తరములవారు పరిహసించిరి. కాని అందులో ఒక సూత్రము ఇమిడియున్నది: ప్రమాదమును వెంట తెచ్చువానిదే హెచ్చరించు బాధ్యత కూడ.

అప్పటి భయము నిరాధారమైనది కాదు. 1869 ఆగస్టు 31వ తేదీన ఐర్లండులోని పార్సన్స్ టౌనులో మేరీ వార్డ్ అను శాస్త్రజ్ఞురాలు తన బంధువులు నిర్మించిన ఆవిరి బండిలో పోవుచుండెను. ఒక మలుపు వద్ద ఆమె బండి నుండి జారి, చక్రము క్రింద పడి మరణించెను. సూక్ష్మదర్శినిని గూర్చి సామాన్యులకు అర్థమగునట్లు పుస్తకములు వ్రాసిన విదుషీమణి ఆమె. యంత్రవాహనము వలన మరణించినట్లు చరిత్రకు తెలిసిన వారిలో ఆమెయే ప్రథమురాలు. 1896 ఆగస్టు 17న లండనులోని క్రిస్టల్ పాలెస్ వద్ద బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ నడచి పోవుచు పెట్రోలు కారు క్రింద పడి మరణించెను. కారు వేగమును గూర్చి సాక్షులు పరస్పర విరుద్ధముగా చెప్పిరి. అది అకస్మాత్తుగా జరిగిన మరణమని న్యాయ విచారణలో తీర్మానించిరి.

ఆ సంవత్సరము నవంబరులోనే కొత్త చట్టము తేలికపాటి మోటారు బండ్లను పాత నిర్బంధముల నుండి విడిపించెను. 1903లో వేగపరిమితిని గంటకు 20 మైళ్ళకు పెంచిరి. బండ్లకు నంబర్లు, డ్రైవర్లకు లైసెన్సులు ఆ చట్టముతోనే వచ్చినవి. కాని లైసెన్సునకు పరీక్ష లేదు, రుసుము చెల్లించిన చాలును. 1930లో కార్లకు వేగపరిమితినే రద్దు చేసిరి. ఎవరును పాటింపని పరిమితి వలన చట్టమునకే అప్రతిష్ఠ అనునది అప్పటి వాదము. 1934లో బ్రిటన్ రోడ్లపై 7,343 మంది మరణించిరి. అప్పటికి ఆ దేశమున ఉన్న మోటారు వాహనములు సుమారు 24 లక్షలు మాత్రమే.

చట్టము ఎత్తివేసిన పరిమితిని ప్రకృతి ఎత్తివేయలేదు. కదలుచున్న వస్తువు యొక్క గతిజశక్తి దాని వేగము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. బ్రేకు వేయుట యనగా ఆ శక్తినంతటిని ఘర్షణ ద్వారా వేడిగా మార్చుట. కనుక బ్రేకు వేసిన తరువాత బండి పోవు దూరము కూడ నాలుగు రెట్లగును. దీనికి డ్రైవరు ఆలోచించు కాలమును చేర్చవలెను. అడ్డమును చూచి కాలు బ్రేకు మీదికి పోవుటకు సెకనులో మూడింట రెండు వంతులు పట్టుననుకొన్నను, అంతసేపు బండి పూర్తి వేగముతోనే సాగుచుండును.

బ్రిటిష్ వారి 'హైవే కోడ్' ఈ దూరములను లెక్కకట్టి ఇచ్చుచున్నది. గంటకు 20 మైళ్ళ, అనగా 32 కిలోమీటర్ల వేగమున ఆలోచనకు 6 మీటర్లు, బ్రేకునకు 6 మీటర్లు, మొత్తము 12 మీటర్లు. 30 మైళ్ళ వేగమున 9, 14 కలిపి 23 మీటర్లు. 40 మైళ్ళ వేగమున 12, 24 కలిపి 36 మీటర్లు.

ఇపుడు ఒక బాలుడు 24 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చెననుకొందము. 30 మైళ్ళ వేగమున వచ్చు డ్రైవరు అతనికి ఒక మీటరు దూరములో ఆగును. 40 మైళ్ళ వాడు ఆలోచించుటలోనే 12 మీటర్లు దాటును. మిగిలిన 12 మీటర్లలో అతని గతిజశక్తి సగము మాత్రమే తగ్గును. సగము శక్తి మిగిలినదనగా గంటకు సుమారు 28 మైళ్ళ వేగము మిగిలినదన్నమాట. మొదటివాడు క్షేమముగా ఆగిన చోట, రెండవవాడు ఆ వేగముతో బాలుని తాకును. ఇద్దరి నడుమ ఉన్న భేదము 10 మైళ్ళే.

1934లో రవాణా మంత్రియైన లెస్లీ హోర్ బెలీషా పాదచారులు దాటుటకు ప్రత్యేక స్థలములు ఏర్పరచి, అచ్చట నలుపు తెలుపు స్తంభములపై నారింజరంగు గోళములను నిలిపించెను. ఆయన స్వయముగా ఒక దాటుచోటున పోవుచుండగా కారొకటి తృటిలో తప్పి దూసుకొనిపోయెను. 1935 మార్చిలో జనావాసములలో 30 మైళ్ళ పరిమితి అమలునకు వచ్చెను. కొత్త డ్రైవర్లకు పరీక్ష కూడ ఆ సంవత్సరమే నిర్బంధమయ్యెను.

వేగముతోపాటు చూపు కూడ ముఖ్యమని యుద్ధము నేర్పెను. విమానదాడుల భయముచే 1939 సెప్టెంబరు నుండి రాత్రులందు దీపములు ఆర్పివేసిరి. పెట్రోలునకు రేషను వచ్చెను. అయినను 1941లో రోడ్లపై 9,169 మంది మరణించిరి. ఆ దేశ చరిత్రలో ఇంతకు మించిన సంఖ్య లేదు. కానరాని దానికై ఏ డ్రైవరును ఆగలేడు.

దాటుచోట్లకు కూడ ఈ లోపము ఉండెను. వానిని సూచించుటకు రోడ్డులో లోహపు బొడిపెలు దిగగొట్టిరి. దగ్గర నిలిచిన పాదచారికి అవి బాగుగనే కనబడెను. కాని దూరమున కూర్చున్న డ్రైవరు రోడ్డును ఏటవాలుగా చూచును. అతని కంటికి చిన్న గుర్తులు అణగి మాయమగును. అందువలన 1949లో వెడల్పైన చారలను అనేక చోట్ల పరీక్షించి, 1951లో నలుపు తెలుపు చారల దారిని చట్టబద్ధము చేసిరి. 'జీబ్రా' అను పేరు దానికి స్థిరపడినది.

1966లో మరణములు మరల 7,985 కు పెరిగినవి. 1967లో మద్యము త్రాగిన డ్రైవర్లకు శ్వాసపరీక్ష, 1983లో ముందు సీట్లవారికి బెల్టు నిర్బంధమైనవి. రోడ్లు, బండ్లు, వైద్యము కూడ మెరుగుపడినవి. 2022లో వాహనములు 4 కోట్లకు చేరినను మరణించినవారు 1,711 మంది. ఆ సంవత్సరము జనవరిలోనే 'హైవే కోడ్'లో ఒక నియమము చేర్చిరి: ఎవరి వలన ఇతరులకు ఎక్కువ హాని కలుగగలదో వారికే ఎక్కువ బాధ్యత. లారీ కారును, కారు సైకిలును, సైకిలు పాదచారిని కాపాడవలెను. ఎర్రజెండా పోయినది, దానిలోని సూత్రము తిరిగి వచ్చినది.

మన దేశమున ఎడమ ప్రక్కగా నడపు పద్ధతియు, ఈ చారల దారియు బ్రిటన్ నుండి వచ్చినవే. సిగ్నలు లేని దాటుచోట డ్రైవరు వేగము తగ్గించి, ఆగి, పాదచారికి దారి ఇవ్వవలెనని 2017 నాటి మన నిబంధనలు చెప్పుచున్నవి. అయినను 2022లో మన రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు.

పాఠశాల ఆవరణలో 12, 23, 36 మీటర్ల దూరములను తాడుతో కొలిచి, సున్నముతో గీతలు గీసి చూపినచో, వేగము యొక్క వర్గము అనగానేమో విద్యార్థులు కన్నులార చూడగలరు. వారిలో చాలమంది కొన్ని సంవత్సరములలో బండి నడపువారే. చారల మీద అడుగు పెట్టిన పసివానికి ఈ లెక్క తెలియకపోవచ్చును. నడపువానికి తెలిసి తీరవలెను.