21 రోజుల సూది: డాక్టరు చెప్పాల్సిన మాట, మనం అడగాల్సిన ప్రశ్న

రుమాటిక్ గుండె జబ్బు పేదరికంలోంచి పుట్టే జబ్బు. స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పితో ఇది మొదలవుతుంది. ఒకే గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్లలో ఆ బాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకుంటుంది. ఊరి చివర వాడలకు ఇరుకు స్థలాలే ఎందుకు దక్కాయన్న ప్రశ్నకూ, ఈ జబ్బు ఎవరి పిల్లలకు ఎక్కువగా వస్తుందన్న ప్రశ్నకూ సంబంధం ఉంది. దీన్ని అరికట్టాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం కూడా చేసింది.

గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు కొందరు పిల్లలకు జ్వరం, ఒక కీలు నుంచి మరో కీలుకు మారే నొప్పి వస్తాయి. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకు. బాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత గుండె కవాటాలనే దెబ్బతీస్తుంది. కీళ్ల నొప్పి పోతుంది, కవాటానికి తగిలిన దెబ్బ మాత్రం మిగిలిపోవచ్చు. జ్వరం మళ్లీ మళ్లీ వస్తే కవాటం ఇంకా పాడవుతుంది.

మాట ఎక్కడ తెగుతోంది?

జ్వరం మళ్లీ రాకుండా ఆపేది బెంజథిన్ పెన్సిలిన్ సూది. మూడు నాలుగు వారాలకోసారి వేయించుకోవాలి. ఈ సూది పాడైన కవాటాన్ని బాగు చేయదు, ఇంకా పాడవకుండా కాపాడుతుంది. ఈ ఒక్క మాట చెప్పకపోతే "నొప్పి తగ్గింది కదా, ఇంకెందుకు?" అని తల్లిదండ్రులు మానిపిస్తారు. సూది నొప్పి మామూలుది కాదు. ప్రతిసారీ ఒక రోజు కూలీ పోతుంది. కారణం తెలియకుండా ఏళ్ల తరబడి ఎవరు తిరుగుతారు? ఆ తర్వాత "వీళ్లు చెప్తే వినరు" అని రోగి మీదే నింద పడుతుంది. పెద్ద వయసు మనిషిని కూడా "నువ్వు" అని పిలిచి, తల ఎత్తకుండా చీటీ రాసే చోట ఎదురు ప్రశ్న అడగడానికి నోరు రాదు.

డాక్టరును అడగాల్సినవి

- పాప గుండె కవాటం దెబ్బతిన్నదా? ఎకో పరీక్షలో ఏముంది?
- సూది ఎన్నేళ్లు? (గుండె దెబ్బతినకపోతే కనీసం 5 ఏళ్లు. కవాటం పాడైతే 10 ఏళ్లు, లేదా 40 ఏళ్ల వయసు దాకా. కొందరికి జీవితాంతం.)
- తర్వాతి సూది ఏ తేదీన? మా ఊరి దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేస్తారా? వాళ్లకు చూపించడానికి చీటీ రాసిస్తారా?
- పెన్సిలిన్ పడకపోతే ఏ గుర్తులు కనిపిస్తాయి? అప్పుడేం చేయాలి?

అమ్మాయిల విషయంలో

గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. సన్నబడిన కవాటం ఆ బరువు మోయలేక ఆయాసం వస్తుంది. లోహపు కవాటం అమర్చినవాళ్లు వాడే వార్ఫరిన్ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే కవాటం మీద రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. సంబంధాలు రావన్న భయంతో ఇంట్లో జబ్బును దాచేస్తారు కాబట్టి, ఈ సంగతి డాక్టరు ఆ అమ్మాయికే నేరుగా, ఏకాంతంగా చెప్పాలి.

ఇది దయ కాదు, హక్కు

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం రూపొందించింది. దాన్ని అమలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లో రికార్డుల నకళ్లు పొందడం, కులం పేరుతో వివక్ష లేని వైద్యం అందుకోవడం ఆ హక్కుల్లో ఉన్నాయి. దళితులను ఆసుపత్రిలోకి రాకుండా అడ్డుకోవడం, 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడు మూడు సంగతులు తెలిసి ఉండాలి: జబ్బు పేరు, సూది ఎందుకు, మళ్లీ ఎప్పుడు. తెలియకపోతే వెనక్కి వెళ్లి అడగండి.