ఒక యింజను క్రాంకు వేఱొక యింజనులో: పాత మోటారుసైకిళ్ల కథ

రాట్నపు పిడిని త్రిప్పు చేతిని, కుట్టుమిషనును త్రొక్కు కాలిని చూచినవారికి క్రాంకు క్రొత్త వస్తువు కాదు. ముందువెనుకల కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చుటయే దాని పని. ధర్మవరము జంక్షను మీదుగా నడచిన ఆవిరి యింజనులకు చక్రములను త్రిప్పెడి కడ్డీలు బయటనే కానవచ్చుచుండెను. మోటారుసైకిలునందు అదే పని లోహపు పెట్టెలో, నూనె నడుమ, కంటికి కానరాక జరుగును. ఆ పెట్టెలోని క్రాంకు అరిగినప్పుడు వేఱొక బండి క్రాంకును తెచ్చి బిగింపవచ్చునా? పాత బండ్లు గల ప్రతి ఊరను ఎన్నడో ఒకనాడు ఈ ప్రశ్న పుట్టినది.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును ఒకే రైలుదారిపై నున్నవి. 1953 వఱకు ఈ సీమ మద్రాసు రాష్ట్రములోనిది. దీనికి దక్షిణమున మైసూరు సీమ. మోటారుసైకిళ్ల చరిత్రలో ఈ రెండు దిక్కులకును ప్రత్యేక స్థానము కలదు. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థయు, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థయు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పగా, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరున బుల్లెట్ల నిర్మాణము సాగెను. 1961లో మైసూరునందు ఐడియల్ జావా కర్మాగారము తెఱవబడి, చెకోస్లొవేకియా దేశపు జావా బండ్లు అచటనే తయారగుచు వచ్చెను. 1973 నుండి వానికి యెజ్డీ అను పేరు వచ్చినది. 1996లో ఆ కర్మాగారము మూతపడెను.

వీనికి ముందు, రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యము వాడిన బి.ఎస్.ఏ., నార్టన్, మ్యాచ్‌లెస్, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు ఉండెడివి. విదేశపు విడిభాగములు దిగుమతి చేసికొనుట కష్టమైన కాలమున, విఱిగిన బండిని మూలకు చేర్చుటకు మనసొప్పని యజమానియు, చేతిపని తెలిసిన మేస్త్రీయు కలిసి దొరికిన భాగముతోనే పని గడుపుకొనవలసి వచ్చెను. క్రాంకుల మార్పిడి పుట్టినది వేడుకకు కాదు, అవసరమునకు.

అయినను పైపోలికను నమ్మి మోసపోరాదు. సిలిండరు వ్యాసమును బోరు అనియు, పిస్టను ఒక కొననుండి మఱియొక కొనకు నడచు దూరమును స్ట్రోకు అనియు అందురు. యుద్ధకాలపు మ్యాచ్‌లెస్ జి3ఎల్ బోరు 69 మిల్లీమీటర్లు, స్ట్రోకు 93. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 బోరు 70, స్ట్రోకు 90. మొదటిది 347 సి.సి., రెండవది 346. తేడా ఒక్క సి.సి. మాత్రమే. కాని 93 స్ట్రోకు గల క్రాంకును 90 స్ట్రోకు గల యింజనులో నిలిపినచో పిస్టను పైకి ఒకటిన్నర మిల్లీమీటరు, క్రిందికి ఒకటిన్నర మిల్లీమీటరు అధికముగా నడచును. సిలిండరు క్రింద తగిన మందము గల పలక వేయనిచో పిస్టను పైతలకో, వాల్వులకో తగులవచ్చును. అట్లే బి.ఎస్.ఏ. ఎం20 స్ట్రోకు 94, నార్టన్ 16హెచ్ స్ట్రోకు 100. రెండును ఐదువందల తరగతివే. ఒకదాని క్రాంకు వేఱొకదానికి సరిపడదు.

స్ట్రోకు సమానమైనంత మాత్రమున పని తీరదు. బుల్లెట్టులో 350కి, 500కి స్ట్రోకు 90 మిల్లీమీటర్లే. కాని 500 బోరు 84 గనుక పిస్టను పెద్దది, బరువైనది. ఒంటి సిలిండరు యింజనునందు తిరుగు భాగముల బరువును పూర్తిగాను, పైకి క్రిందికి ఆడు భాగముల బరువులో ఇంచుమించు సగమును ఫ్లైవీళ్లలోని ఎదురుబరువు తూచవలెను. పిస్టను మారి ఈ తూకము మారనిచో, బండి వణకి బేరింగులు త్వరగా చెడును. కనెక్టింగు రాడ్డు పొడవు, షాఫ్టు కొనల మందము, పళ్లచక్రము కూర్చుండు చోటు కూడ కొలిచి చూడవలసినవే.

మద్రాసు బుల్లెట్టుకును మైసూరు జావాకును ఈ విషయమున చుట్టరికమే లేదు. బుల్లెట్టు నాలుగు స్ట్రోకుల యింజను. దాని క్రాంకులోని రంధ్రముల గుండ నూనె ఒత్తిడితో పాఱును. జావా 250 రెండు స్ట్రోకులది. బోరు 65, స్ట్రోకు 75. పెట్రోలుతో కలిసిన నూనెయే దాని బేరింగులకు ఆధారము. పైగా దాని క్రాంకు పెట్టె లోపలనే గాలి, పెట్రోలు మిశ్రమము అదుమబడును. అందుచేత ఫ్లైవీళ్లు ఆ పెట్టెను ఇంచుమించు నింపవలెను. ఇరుప్రక్కల సీళ్లు బిగువుగా నుండవలెను.

మఱి మేలైన మార్గమేది? ఈ బండ్ల క్రాంకులు అతికి కూర్చినవి. అరిగిన క్రాంకుపిన్నును ప్రెస్సుతో ఊడదీసి, క్రొత్త పిన్నును, రాడ్డును, బేరింగును వేసి, రెండు ఫ్లైవీళ్లును ఒకే గీతపై తిరుగునట్లు గేజితో సరిచూచిన యెడల, బండి తన క్రాంకుతోనే మరల నడచును. ఇందు తొందర పనికిరాదు. వేగమున నున్నప్పుడు యింజను పట్టివేసిన వెనుకచక్రము నిలిచిపోవును. నడుపువాని ప్రాణమునకే ముప్పు.

ఇందు ధర్మసూక్ష్మము కూడ నున్నది. యింజను నంబరు పెట్టెపై చెక్కబడును గాని క్రాంకును బట్టి మాఱదు. పై యుదాహరణమున 70 బోరునకు 93 స్ట్రోకు చేరినచో యింజను సుమారు 358 సి.సి. యగును, కాగితములందు మాత్రము 346గానే నిలుచును. తయారీదారు తెలిపిన వివరములకు విరుద్ధమగునట్లు వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. బండిని కొనువాడు తాను కొన్నదేమో తెలియక మోసపోరాదు గదా!

2019లో పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి నారంభించెను. ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానియైన ఊరి ప్రక్కన నేడు యంత్రములు కార్లను కూర్చుచున్నవి. అచటి కొలతలు యంత్రముల జ్ఞాపకమున భద్రముగా నుండును. పాత మేస్త్రీల కొలతలు మాత్రము వారి వ్రేళ్లయందే కలవు. ఏ క్రాంకు దేనికి సరిపడినది, ఏది సరిపడక చెడినది, ఎంత మందపు పలక వేసిరి అను సంగతులు ఒక నోటుపుస్తకమున కెక్కినచో, తరువాతివారు అదే తప్పును ప్రాణముతో నేర్చుకొనవలసిన పని యుండదు. అట్టి పుస్తకమునకు గ్రంథాలయపు బీరువాలో పురాణముల ప్రక్కనే చోటీయదగును.