సరిహద్దు దాటే చేపకు.. పత్రాలే ప్రాణం
అక్వేరియం చేపలు, నీటి మొక్కలు తెచ్చుకునే ముందు తెలుసుకోవాల్సిన నిబంధనలు

విశాఖపట్నం: విదేశాలకు వెళ్లి వచ్చేవారి సామానులో రంగుల చేపలు, అక్వేరియం మొక్కలు చోటుచేసుకోవడం కొత్తేమీ కాదు. సింగపూర్, బ్యాంకాక్ దుకాణాల్లో ప్లాస్టిక్ సంచిలో నీరు పోసి, ఆక్సిజన్ నింపి ఇచ్చే చేపను చూస్తే ఎవరికైనా మనసాగదు. అయితే ఆ సంచి మన విమానాశ్రయంలో అడుగుపెట్టిన క్షణం నుంచి అది అలంకరణ వస్తువు కాదు, దిగుమతి అయిన సజీవ ప్రాణి. తగిన పత్రాలు లేకుంటే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద దానిని స్వాధీనం చేసుకోవచ్చు. చాలా సందర్భాల్లో చేపను తిప్పి పంపడమో, నాశనం చేయడమో తప్పదు.

ఎందుకింత కట్టుదిట్టం?

గుర్రపుడెక్క ఇందుకు చక్కటి ఉదాహరణ. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్కను ఊదారంగు పూల అందం చూసి 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చారు. నేడు కొల్లేరు మొదలుకొని ఊరి చెరువు వరకు దాని బెడద లేనిచోటు అరుదు. అద్దాలకు పట్టిన నాచును తింటుందని పెంచే సక్కర్ చేపదీ అదే కథ. పెద్దదైపోయిందని కొందరు చెరువుల్లో వదిలేయడంతో ఉభయ తెలుగు రాష్ట్రాల జలాశయాల్లో అది స్థిరపడింది. దాని ముళ్ల కవచానికి మత్స్యకారుల వలలు చినిగిపోతున్నాయి.

వ్యాధుల ముప్పు మరింత తీవ్రం. అక్వేరియాల్లో ముచ్చటగా పెంచే కోయి, మన చెరువుల్లోని బంగారుతీగ ఒకే జాతికి చెందినవి. కోయి హెర్పిస్ వైరస్ ఆ రెండింటినీ మూకుమ్మడిగా చంపగలదు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి కోస్తా రొయ్యల చెరువులను ఎంతగా దెబ్బతీసిందో ఆక్వా రైతులు మరచిపోలేదు. చేపతో పాటు వచ్చే గ్లాసెడు నీరే వ్యాధిని మోసుకురావడానికి సరిపోతుంది.

చేపలకు..

సజీవ చేపల దిగుమతి 1898 నాటి పశు దిగుమతి చట్టం, కేంద్ర మత్స్యశాఖ జారీచేసిన మార్గదర్శకాల పరిధిలోకి వస్తుంది. అనుమతించిన అలంకరణ చేపల జాబితా ఒకటుంది. అందులో లేని జాతిని తేవడానికి వీల్లేదు. దిగుమతిదారు ముందుగా కేంద్ర మత్స్యశాఖ అనుమతి పొందాలి. ఎగుమతి చేసే దేశపు అధీకృత సంస్థ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం సరకుతో పాటు రావాలి. వచ్చిన తర్వాత చేపలను నిర్ణీత కాలం క్వారంటైన్‌లో ఉంచి, వ్యాధి లేదని తేలాకే విడుదల చేస్తారు. కుక్కలు, పిల్లులకు పెంపుడు జంతువుల కింద ఉన్న వెసులుబాటు చేపలకూ వర్తిస్తుందని భావించరాదు. ఈ ప్రక్రియ అంతా వ్యాపారుల కోసం రూపొందించిందే. ఒకటి రెండు చేపల కోసం ప్రయాణికుడు దీనిని పూర్తిచేయడం ఆచరణలో దాదాపు అసాధ్యం.

మొక్కలకు..

నీటి మొక్కలకు వేరే చట్టం ఉంది. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం కింద రూపొందించిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు-2003 వీటికి వర్తిస్తుంది. ఇది 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం దిగుమతి అనుమతి ముందే తీసుకోవాలి. ఎగుమతి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం తప్పనిసరి. ఉత్తర్వులోని జాబితాల్లో లేని మొక్కనైతే, చీడపీడల ముప్పుపై అధ్యయనం పూర్తయ్యేవరకు అనుమతించరు. వేళ్లకు అంటిన మట్టి, ఇసుక సైతం అభ్యంతరకరమే. ఆకుల చాటున నత్తలు, వాటి గుడ్లు రహస్యంగా ప్రయాణిస్తాయి. ప్రయోగశాలలో పెంచి, మూతవేసిన డబ్బాల్లో అమ్మే టిష్యూకల్చర్ మొక్కలతో ఈ ముప్పు తక్కువ. అంతమాత్రాన పత్రాల నుంచి మినహాయింపు లభించదు.

అరుదైన జాతులైతే..

అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం నియంత్రిస్తుంది. భారత్ 1976లో ఇందులో చేరింది. ఇంట్లో ఉంటే అదృష్టమని కొందరు నమ్మే ఏషియన్ ఆరోవానా చేప దీని మొదటి అనుబంధంలో ఉంది. అంటే కఠినాతికఠినమైన నియంత్రణ. సముద్రగుర్రాలు, రాతి పగడాలు రెండో అనుబంధంలో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీంతో సైటీస్ జాతులను ఇంట్లో ఉంచుకున్నవారు సైతం వివరాలు తెలిపి నమోదు చేయించుకోవాల్సి ఉంది. ఇందుకు 2024 ఫిబ్రవరిలో నియమాలు వెలువడ్డాయి. పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు జరుగుతుంది.

ఇక్కడి నుంచి తీసుకెళ్లాలన్నా..

విదేశాల్లోని బంధువుల కోసం మన చేపలు, మొక్కలు తీసుకెళ్లేవారికీ ఇబ్బందులు తప్పవు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను అమెరికాలో ప్రమాదకర ప్రాణుల జాబితాలో ఉంది. 2002 నుంచి సజీవ కొర్రమీను జాతుల దిగుమతిపై అక్కడ నిషేధం అమలవుతోంది. మన చెరువుల్లో మామూలుగా కనిపించే హైడ్రిల్లా, అక్వేరియంలో వాడే హైగ్రోఫిలా పాలిస్పెర్మా అక్కడి కేంద్ర ప్రభుత్వ హానికర కలుపు జాబితాలో చోటుచేసుకున్నాయి. ఐరోపా సమాఖ్య 2016లో గుర్రపుడెక్కను, 2022లో అంతరతామరను దురాక్రమణ జాతులుగా ప్రకటించింది. ఇంగ్లండ్‌లో 2014 ఏప్రిల్ నుంచి అయిదు రకాల నీటి మొక్కల విక్రయం నిషిద్ధం. ఆస్ట్రేలియా తన జాబితాలో ఉన్న జాతులను మాత్రమే, అదీ అనుమతి, క్వారంటైన్‌లతోనే రానిస్తుంది.

గుర్తుంచుకోండి

* కొనడానికి ముందే జాతి శాస్త్రీయ నామం తెలుసుకోండి. దుకాణంలోని వ్యవహార నామంతో అనుమతి రాదు.
* 'పత్రాలన్నీ మేమే చూసుకుంటాం' అనే దుకాణదారు మాటను నమ్మి డబ్బు చెల్లించవద్దు. దిగుమతి అనుమతి ఇచ్చేది మన ప్రభుత్వమే.
* మొక్కలు, విత్తనాలు ఉంటే కస్టమ్స్ డిక్లరేషన్‌లో తప్పక పేర్కొనండి. దాచితే నేరం మరింత పెరుగుతుంది.
* విదేశీ రకాలు కావాలంటే అనుమతి పొందిన దిగుమతిదారు నుంచి రసీదుతో కొనండి. ఆ రసీదును భద్రపరచండి.
* పెంచలేకపోతే చెరువులో, కాలువలో వదలవద్దు. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా మరో పెంపకందారుకు అప్పగించండి.
* తీసేసిన మొక్కలను ఎండబెట్టి పారేయండి. అక్వేరియం నీటిని కాలువల్లో కలపకండి.