టైరు బండి
రబ్బరు టైర్లు బిగించిన ఎడ్లబండి. చోడవరం మండలం గోవాడలోని సహకార చక్కెర కర్మాగారం వంటి చోట్లకు చెరకు చేరవేయడానికి ఇది బాగా అక్కరకొచ్చింది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది.

నాటు బండి చక్రం ఎత్తైనది, కానీ దాని ఇనుప పట్టా సన్నం. ఎత్తు వల్ల గుంతలు సులువుగా దాటుతుంది. సన్నదనం వల్ల తడి మట్టిలో, ఇసుకలో దిగబడుతుంది. గాలి టైరు బరువును ఎక్కువ చోటు మీద పరుస్తుంది. నేలపై అది మోపే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడంతే ఉంటుంది. అందుకే గాలి కొంత తగ్గిస్తే మెత్తటి నేలలో లాగుడు తేలికవుతుంది. ఎడ్ల మెడలకు ఇది నిజమైన ఉపశమనం. గట్టి రోడ్డుపై మాత్రం గాలి తగ్గిన టైరు బరువుగా దొర్లుతుంది, పక్కలు త్వరగా చెడతాయి.

గాలిపటంతో లాగించుకుంటూ నడిపే చక్రాల పలక, అంటే ల్యాండ్‌బోర్డుకూ ఇదే సూత్రం. దాని మామూలు చక్రాలు 8, 9 అంగుళాలవి. మెత్తటి ఇసుకకు ఇంకా పెద్దవి, వెడల్పైనవి బిగిస్తారు. అప్పుడు పలక ఎత్తు పెరిగి నిలకడ తగ్గుతుంది, మలుపులో టైరు పలకకు తగలవచ్చు. కాబట్టి పెద్ద చక్రాలు కొనే ముందు ఉన్నవాటిలో గాలి తగ్గించి చూడడం మేలు.