అణా టిఫిను లెక్క



మద్రాసు వెళ్ళినవాళ్ళు టి. నగర్‌లో చీర కొనకుండా తిరిగి రావడం అరుదు. ఆ 'టి' అంటే త్యాగరాయ అనీ, ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ శెట్టిగారనీ మనలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు చెబితే చరిత్ర చదివినవాళ్ళకి జస్టిస్ పార్టీ గుర్తొస్తుంది. ఇవాళ మనం చెప్పుకోబోయేది ఆ రాజకీయం కాదు. బడిపిల్లల ఆకలి గురించి ఆయన వేసిన ఒక చిన్న లెక్క.

1920లో ఆయన మద్రాసు కార్పొరేషనుకి అధ్యక్షులు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలో కార్పొరేషను బడి ఒకటుండేది. అక్కడ చదివే పిల్లలు బీదవాళ్ళనీ, ఆ బీదతనంవల్లే బడిలో పిల్లల సంఖ్య పెరగడం లేదనీ ఆయన కౌన్సిలుకి చెప్పారు. పిల్లవాడికి రోజుకి ఒక అణాకి మించకుండా ఖర్చుపెట్టి మధ్యాహ్నం టిఫిను పెడదామన్నారు. సెప్టెంబరు 16న కౌన్సిలు సరేనంది.

అణా అంటే రూపాయిలో పదహారో వంతు. అంత చిన్న డబ్బుతో ఏమవుతుందనుకుంటున్నారా? ఆ టిఫిను మరో నాలుగు బడులకి కూడా పాకింది. ఆ అయిదు బడుల్లో కలిపి 1922-23లో 811 మంది పిల్లలుంటే, 1924-25కి 1,671 మంది అయ్యారు. రెట్టింపు కంటే ఎక్కువ! అంతమందికీ పూర్తి అణా చొప్పున వేసుకున్నా, రోజుకి నూట నాలుగు రూపాయల ఏడణాలే.

ఎందుకిలా జరిగిందో ఇల్లు నడిపే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పనికి పోయే పిల్లవాడు నాలుగు డబ్బులు తెస్తాడు, లేదా పనిచేసిన చోట ఓ ముద్ద తింటాడు. బడికి పోయే పిల్లవాడు రెండూ పోగొట్టుకుంటాడు. అలాంటి ఇంట్లో తల్లికి పిల్లవాడి చదువు మీద ఇష్టం లేక కాదు, మధ్యాహ్నం వాడి కంచంలో ఏం వెయ్యాలో తోచక బడి మాన్పిస్తుంది. ఆ కంచం బాధ్యత ఊరు తీసుకుంటే, ఆవిడ బిడ్డని బడికి పంపగలుగుతుంది.

కానీ ఈ కథ ఇక్కడ మలుపు తిరిగింది. టిఫిను ఖర్చుని ప్రాథమిక విద్యా నిధిలోంచి పెట్టకూడదని ప్రభుత్వం అడ్డు చెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుంచి టిఫిను ఆగిపోయింది. ఆ ఏడాదే త్యాగరాయ శెట్టిగారూ కన్నుమూశారు. చూశారా! పిల్లల ఆకలి తీరిపోయి ఆగలేదు. ఖర్చు ఏ పద్దులో రాయాలన్న దగ్గర ఆగింది. కొంతకాలానికి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి 25 బడుల్లో సుమారు వెయ్యిమంది బీదపిల్లలకి అందింది.

ఈ అనుభవం వృథా పోలేదు. 1956లో కామరాజ్‌గారు ముఖ్యమంత్రిగా ఉండగా మద్రాసు రాష్ట్రమంతటా బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. భోజనానికి పది పైసలనుకుంటే, ఆరు ప్రభుత్వం వంతు, నాలుగు స్థానికుల వంతు. 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారి ప్రభుత్వం పోషకాహార పథకం పెట్టింది. జూలై 1న పల్లెల్లో, సెప్టెంబరు 15న పట్టణాల్లో మొదలైన ఆ పథకం రెండేళ్ళ పిల్లల్ని కూడా కలుపుకుంది.

మరి మన సంగతి? 1995లో కేంద్రం దేశమంతటికీ పథకం ప్రకటించినా, చాలా రాష్ట్రాల్లో వండిపెట్టలేదు. బడికి సరిగా వచ్చే పిల్లవాడికి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. మూడు కిలోలు ఇంటికి తెస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అవి ఇంటిల్లిపాదికీ కలిపి ఎసట్లో పడతాయి. తప్పు తల్లిది కాదు, పథకానిది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన భోజనమే పెట్టాలనీ, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలనీ ఆదేశించింది. అలా 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడిపొయ్యిలు వెలిగాయి. చాలాచోట్ల డ్వాక్రా సంఘాల స్త్రీలే గరిటె పట్టుకున్నారు.

ఆ స్త్రీల మాట కూడా చెప్పుకోవాలి. 2009లో కేంద్రం వాళ్ళకి నిర్ణయించిన గౌరవవేతనం నెలకి 1,000 రూపాయలు. అదైనా ఏడాదికి పది నెలలే. కొన్ని రాష్ట్రాలు తర్వాత తమ వంతు కలిపాయి, నిజమే. అయినా బియ్యానికి గ్రాముల్లో లెక్క రాసినవాళ్ళు, ఆ బియ్యం వండే చేతులకి మాత్రం 'గౌరవం' అని పేరు పెట్టి సరిపెట్టారు. వంటింటి చాకిరీకి విలువ కట్టకపోవడం మన ఇళ్ళల్లోనే కాదు, బడిలో కూడా అంతే!

ఇక మనం చెయ్యగలిగిందేమిటి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగంమంది స్త్రీలుండాలి. 2015 నియమాలు మధ్యాహ్న భోజనాన్ని కనిపెట్టి ఉండే బాధ్యత కూడా ఆ కమిటీకే ఇచ్చాయి. మన పిల్లలు కాన్వెంటుకి వెళ్ళవచ్చు. మనింట్లో అంట్లు తోమే ఆవిడ పిల్లలు వెళ్ళేది పక్కవీధి బడికే కదండీ! ఆవిడని ఒక్కమాట అడగండి: పప్పు చిక్కగా ఉంటోందా? గుడ్డు ఇస్తున్నారా? కమిటీలో నీ పేరుందా? లేదంటే ఎందుకు లేదో ప్రధానోపాధ్యాయుల్ని అడగడానికి ఆవిడకి తోడు వెళ్ళండి.

పిల్లల ఆకలి ఒక పండగనాడు అన్నదానం చేస్తే తీరేది కాదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ వేస్తుంది. అందుకే దానికి దయ ఒక్కటే చాలదు, పద్దులో చోటు కావాలి. ఆ పద్దు కొట్టేస్తే ఏమవుతుందో 1925 ఏప్రిల్ మనకి చెప్పింది. దాన్ని ఎవరూ మళ్ళీ కొట్టెయ్యకుండా చూసుకోవడానికి, రోజూ ఇంటి లెక్క రాసుకునే మనకంటే తగినవాళ్ళెవరు?